బాగున్నావా అంటే

తణుకులో ఫణిభూషణం అనే తత్వశాస్త్రం లెక్చరర్ ఉండేవాడు. "బాగున్నారా?" అని ఎవరైనా పలకరిస్తే "బాగున్నానండీ" అని ఊరుకోవడం మాత్రం అతనికి చేతనయ్యేది కాదు. "బాగు అంటే ఏ అర్థంలో?" అని ఎదురుప్రశ్న వేసేవాడు. సుఖం గురించి పాత తత్వవేత్తలు ఏమన్నారో, ఇప్పటి మనస్తత్వశాస్త్రం ఏమంటోందో విప్పి చెబితే గాని వదిలేవాడు కాదు. అతన్ని చూస్తే పాలాయన కూడా సందు మారిపోయేవాడు.

భార్య హైమవతికి తల ప్రాణం తోకకొచ్చేది. "బాగున్నానంటే మీ సొమ్మేం పోతుందండీ?" అని విసుక్కునేది.

ఆమెకు మరో దిగులుండేది. ఒకే కంచంలో తిని, ఒకే మంచంలో పడుకుని పెరిగిన అన్నదమ్ములు ఫణిభూషణం, సాంబమూర్తి. ఒక పెళ్లిలో మాటా మాటా పెరిగి, ఏళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు. హైమవతి తోటికోడలికి ఫోన్ల మీద ఫోన్లు చేసి, బతిమాలి, ఎలాగో బావగారిని ఇంటికి రావడానికి ఒప్పించింది.

ఆదివారం సాంబమూర్తి రానే వచ్చాడు. హైమవతి వంటింట్లో పనసపొట్టు కూరకు ఆవ నూరుతోంది. ఆయన గుమ్మం బయటే ఆగి, గొంతు సవరించుకుని, "ఏరా ఫణీ, బాగున్నావా?" అన్నాడు.

"చటుక్కున చెప్పలేనన్నయ్యా" అన్నాడు ఫణిభూషణం. "ఈ పూట మనసెలా ఉందంటున్నావా, మొత్తం జీవితం ఎలా ఉందంటున్నావా? రెండూ వేరు. హాయిగా ఉన్నవాడల్లా బాగా బతుకుతున్నట్టు కాదు."

సాంబమూర్తి ముఖం చిన్నబోయింది. "నన్ను ఎత్తిపొడుస్తున్నావన్నమాట. ఇంకా మనసులోనే పెట్టుకున్నావు."

"అయ్యో, నీ గురించి కాదు! సిద్ధాంతం చెబుతున్నాను!"

వినిపించుకోకుండా ఆయన మెట్లు దిగాడు. వచ్చిన ఆటో ఇంకా కదలనేలేదు. అందులోనే వెళ్లిపోయాడు.

హైమవతి ఆవపిండి అంటిన చేతులతోనే పరుగెత్తుకొచ్చింది. వీధి ఖాళీగా ఉంది.

"బావగారు అడిగింది మీ ఆనందం సంగతి కాదండీ! లోపలికి రావచ్చా అని అడిగారు! ఇన్ని పుస్తకాలు చదివారు, ఆ మాత్రం తెలియలేదా?" అంది. 

ఫణిభూషణం అన్నకు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మళ్లీ చేశాడు. ఏళ్ల తర్వాత గుమ్మం దాకా వచ్చిన మనిషి మంచినీళ్లైనా తాగకుండా వెళ్లిపోయాడని అప్పుడు అతనికి తెలిసొచ్చింది.

ఆనందమంటే ఏమిటో తీరిగ్గా ఎంతైనా తర్కించుకోవచ్చు. ఆప్యాయంగా పలకరించిన మనిషిని మాత్రం ముందు లోపలికి పిలవాలి.