ఉప్పునీళ్ళలో నానిన కార్డు

చీరాల పేటలో తెలివి అంటే దామర్ల వారిదేనని దామర్ల అన్నదమ్ములు చెప్పుకునేవారు. ఆ మాట ఊళ్ళో ఇంకెవరూ అన్న పాపాన పోలేదు. అయితేనేం, వాళ్ళు నలుగురు. ఒకడంటే ముగ్గురు అవుననేవాళ్ళు. అంతే, తీర్మానం అయిపోయేది. పెద్దవాడు కోటలింగం, తర్వాత చెంచయ్య, పున్నయ్య, ఆఖరివాడు బాపయ్య. నలుగురికీ ఒకటే ఇల్లు, ఒకటే చీరల కొట్టు. బుర్ర కూడా ఒకటే, దాన్ని వంతులవారీగా వాడుకునేవారు. ఎక్కువగా ఎవరి వంతూ వచ్చేది కాదు.

కోటలింగానికి తెలివి తర్వాత అంత ముద్దైంది మీసం. పెళ్ళాన్నైనా ఓ పూట పలకరించడం మరిచేవాడేమో గానీ మీసానికి నూనె రాయడం మరిచేవాడు కాదు. సరిగ్గా ఆ మీసం మీదే పడింది బావమరిది రాఘవులు కన్ను.

"గేమింగ్ కంప్యూటరు కొన్నావంటగా బావా! ఆదివారం నాది కూడా పట్టుకొస్తా. పక్కపక్కన పెట్టి కార్ల పందెం ఆడదాం. నువ్వోడితే నీ సగం మీసం, నేనోడితే నా సగం. సరేనా?"

కోటలింగం తొడ కొట్టాడు. కొట్టాక తెలిసింది, కంప్యూటర్లో గ్రాఫిక్స్ కార్డు లేదని. తెర మీద బొమ్మ పరిగెత్తాలంటే అదుండాలట. ఇంకేముంది, కొట్టుకి తాళమేసి నలుగురూ గుంటూరు బస్సెక్కారు.

కంప్యూటర్ల షాపాయన పేరు ఫణీంద్ర, పాపం మంచివాడు. "మీ కంప్యూటరు పెట్టె ఎంత పొడుగండీ? ఏ ఆట ఆడతారు?" అని అడిగాడు.

"అదంతా నీకెందుకు? సరుకు తియ్యి," అన్నాడు కోటలింగం, బల్ల మీద బాసింపట్టు వేసుకుని.

ఆయన ఒక కార్డు తీసి, "ఇది కోట్ల రంగులు చూపిస్తుందండీ," అన్నాడు. ఆ మాట చాలు. కోటలింగం కార్డు చంకన పెట్టుకుని తిన్నగా బజార్లోకి నడిచాడు. వెనకే ముగ్గురు తమ్ముళ్ళు. వాళ్ళ వెనక "పట్టుకోండి!" అని అరుస్తూ ఫణీంద్ర.

"అరుస్తావేందయ్యా?" అన్నాడు కోటలింగం. "తాతల నాటి నుంచి చీరలమ్ముతున్నాం. ట్యూబులైటు కింద రంగు చూసి కొనేదానికి మేమేమన్నా వెర్రోళ్ళమా? రంగు ఎండలో చూడాలి."

చూశారు. తిప్పి చూశారు. నలుపు తప్ప ఏం కనపడలా.

"కోట్ల రంగులన్నాడు, ఇదేందన్నాయ్, ఒక్కటే ఉంది?" అన్నాడు చెంచయ్య.

"మడత విప్పకుండా పైట కనపడుద్దంట్రా?" అని కసిరాడు కోటలింగం. నిజమే కదా అని ముగ్గురూ తలూపారు.

లోపలికొచ్చాక ఫణీంద్ర చెమట తుడుచుకుని, "వేడెక్కకుండా దీనికి మూడు ఫ్యాన్లున్నాయండీ," అన్నాడు.

కోటలింగం మొహం మాడిపోయింది. "మేం నలుగురం."

"అయితే?"

"అయితే అంటావేందయ్యా! ముగ్గురికి గాలొస్తుంటే నాలుగోవాడు ఉక్కలో చావాలా? ఇల్లు నిలవదయ్యా ఇట్టాగైతే!"

"ఆ గాలి మీక్కాదండీ బాబూ, కార్డుకి!"

"ఒక్కదానికి మూడా? ఏం గారాబం!"

బాపయ్య ముందుకొచ్చాడు. "అన్నాయ్, నాకు విసనకర్ర చాల్లే. మీ ముగ్గురూ సుఖంగా ఉండండి." అంతే, అన్నలు ముగ్గురూ వాణ్ణి కావిలించుకుని కళ్ళొత్తుకున్నారు. ఫణీంద్ర కూడా కళ్ళొత్తుకున్నాడు, ఆయన ఏడుపు ఆయనది.

కార్డు కొని ఇంటికి రాగానే కోటలింగం భార్య సీతారావమ్మ నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది. తెలివిలో ఆవిడ ఆ ఇంటికి తగ్గ కోడలే. "కోట్ల రంగులున్న సరుకుని అట్టాగే వాడేస్తారా? ఒకదాని రంగు ఇంకోదానికి అంటుకోదూ? మొదటిసారి ఉప్పునీళ్ళలో నానబెట్టాలని కొట్లో అందరికీ చెప్పేది మీరే కదండీ!"

ఇంకేముంది! బకెట్టు వచ్చింది, దోసెళ్ళతో రాళ్ళుప్పు పడింది, కార్డు మునిగింది. సాయంత్రం తీసి చూస్తే నీళ్ళు తేటగా ఉన్నాయి. "చుక్క రంగు దిగలా! గట్టి సరుకు!" అని నలుగురూ గంతులేశారు.

"గంజి పెడదామా?" అన్నాడు పున్నయ్య.

"ఇప్పటికే బిర్రుగా ఉంది కదరా, బుద్ధిలేనోడా!"

నీడపట్టున ఆరేసి, కంప్యూటర్లో దోపారు.

ఆదివారం రాఘవులు రానే వచ్చాడు. వాడి తెర మీద కారు రయ్యిమంది. కోటలింగం తెర మీద అమావాస్య. కోటలింగం చెయ్యి తనంతట తనే మీసం మీదకి పోయింది.

"ఉప్పెక్కువైందన్నాయ్," అన్నాడు చెంచయ్య గుసగుసగా. "రంగులు మరీ గట్టిగా పట్టేసి బయటికి రావట్లా."

"అయితే వేడినీళ్ళు పోస్తే వదులుతాయి!" అంటూ పున్నయ్య వంటింట్లోకి పరిగెత్తి, మరుగుతున్న గిన్నె తెచ్చి, నడుస్తున్న కంప్యూటర్లో గుమ్మరించాడు. ఢామ్మంది. పొగ లేచింది.

"వచ్చింది, వచ్చింది, రంగొచ్చింది!" అని చప్పట్లు కొట్టాడు బాపయ్య. "బూడిద రంగు! తక్కినవి వెనకాల వస్తున్నాయి!"

ఏవీ రాలా. రాఘవులు కారు మాత్రం గీత దాటేసింది.

మాటంటే మాటే. కోటలింగం కళ్ళనీళ్ళు పెట్టుకుంటూనే, "ఎడమది తీసేస్తా" అని చెప్పి, ఎడమవైపు మీసం గీసేసి తమ్ముళ్ళ వైపు తిరిగాడు. ఎదురుగా నిలబడ్డ తమ్ముళ్ళు ఘొల్లుమన్నారు. "ఎడమది కదా అన్నావ్! మా వైపు నుంచి చూస్తే కుడిది పోయింది!" పొరపాటైందనుకుని కోటలింగం రెండోది కూడా గీసేశాడు.

"అయ్యో, పందెం సగానికేగా! మొత్తం ఇచ్చేశారే!" అంది సీతారావమ్మ. నలుగురూ కత్తి పట్టుకుని బస్టాండుకి పరిగెత్తి, అప్పటికే ఊరికి బయల్దేరిన రాఘవుల్ని పట్టుకున్నారు. "మా సగం మీసం మాకిచ్చెయ్!"

రాఘవులు నవ్వాపుకోలేక బస్సు మెట్టు మీద కూలబడ్డాడు. "ఇచ్చేశాలే బావా. నీ మూతి మీదే మొలుస్తుంది, వెళ్ళి చూసుకో."

మొలిచింది కూడా. అయితే రెండు వైపులా మొలిచింది. కోటలింగం నీతిమంతుడు. మనకి రావాల్సింది సగమే, పరాయివాడి సొత్తు మన మూతి మీద ఉండకూడదన్నాడు. అప్పట్నుంచీ రోజూ పొద్దున్నే రెండో సగం గీసి, పొట్లం కట్టి, మొదటి బస్సులో బావమరిదికి పంపిస్తున్నాడు.