మాస్టారి మూడు ఊఁలు

చిన్న కథే. పొయ్యి మీద పెట్టిన టీ పొంగేలోగా అయిపోతుంది. బొడ్డేపల్లి హైమ ఒక ప్రశ్న అడిగింది, విశ్వపతి మాస్టారు ఒక జవాబు చెప్పారు, అంతే. కాకపోతే మాస్టారెవరో తెలియనివాళ్లకు ఆ జవాబు ఎక్కదు. అందుకని ముందు ఆయన సంగతి చెప్పాలి.

మా కొత్తగెడ్డవలస శివార్లలో జీడితోట కొట్టేసి ఇంజనీరింగ్ కాలేజీ కట్టారు. తోట ఉన్నప్పుడు పిక్కలు వచ్చేవి, ఇప్పుడు పట్టాలు వస్తున్నాయి. రెండింట్లో ఏది నయమో ఊళ్లో ఇంకా తేలలేదు. ఆ కాలేజీలో విశ్వపతి మాస్టారు కంప్యూటర్ నెట్‌వర్క్స్ చెబుతారు. అంటే ఒక కంప్యూటర్ ఇంకో కంప్యూటర్‌తో ఎలా మాట్లాడుతుందన్న పాఠం. ఆయన మా వీధిలో అద్దెకు దిగిన వారానికే నెట్‌వర్క్ సారు వచ్చారని పాకిపోయింది. మొట్టమొదట గంగులు పెళ్లాం ఫోను పట్టుకుని వెళ్లింది.

"సారూ, మా వంటింట్లో రెండు గీతలే వత్తన్నాయి. కొంచెం సూడండి."

"అది నా పాఠం కాదమ్మా."

"మరేటి సెప్తారు పిల్లలకి?" అని ఆవిడ నాలుగిళ్లకు వినపడేలా ఆశ్చర్యపోయింది.

మాస్టారికి ఒక అలవాటుంది. ఆయన ఏది చెప్పినా ఎదుటివాళ్లు ఊఁ కొట్టాలి. ఊఁ రాకపోతే ఆ మాట దారిలో పడిపోయినట్టే లెక్క, అదే వాక్యం మళ్లీ మొదటినుంచి చెబుతారు. క్లాసులో అరవైమంది ఒక్కసారి ఊఁ అంటే తేనెపట్టు కదిలినట్టు ఉంటుందని ల్యాబ్ అటెండరు సింహాచలం చెబుతాడు. మాస్టారి భార్య కామాక్షమ్మగారి అభిప్రాయం వేరు. "ఆయనకి ఊఁ కొట్టొచ్చు గానీ, ఆయన కొట్టే ఊఁని నమ్మకూడదు" అంటారు. ఉప్పు తెమ్మంటే ఆయన ఇరవయ్యేళ్లుగా ఊఁ అంటున్నారట.

బుధవారం సాయంత్రం మాస్టారు అరుగు మీద కూర్చుని, నెట్ వైరు కొన చీల్చి, లోపలి ఎనిమిది రంగుల తీగల్ని వరసపెట్టి క్లిప్పులోకి దూరుస్తున్నారు. వరస తప్పితే పని మొదటికొస్తుంది. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. ఆయన దాన్ని చెవికీ భుజానికీ మధ్య ఇరికించి "ఊఁ" అన్నారు. కాసేపాగి "ఊఁ". ఇంకాసేపాగి "ఊఁ". గోడకి ఇవతల గోరుచిక్కుళ్లు తుంచుకుంటున్నవాళ్లకు ఇదంతా వినపడిందంటే అది గోడ తప్పు.

"ఎవరండీ?" అని కామాక్షమ్మగారు లోపల్నించి అడిగారు.

"పరీక్షకుడు. హైమ వైవా శనివారానికి మార్చాడు."

వైవా అంటే ఎదురుగా కూర్చోబెట్టి నోటితో జవాబు చెప్పించే పరీక్ష. వేరే కాలేజీ నుంచి ఒకాయన వచ్చి అడుగుతాడు. హైమ అందులో రెండుసార్లు తప్పింది. చదవక కాదు. పుస్తకం మొత్తం ఆమె బుర్రలో ఉంది, కానీ పరీక్షకుడు కళ్లద్దాలు సర్దుకున్నాడంటే చాలు, ఎగిరిపోతుంది. సోమవారం మూడోసారి. ఈసారీ పోతే ఆ ఏడాదంతా మళ్లీ చదవాలి. ఒక ఏడాది వెనక చదువుతున్నది ఎవరో కాదు, సొంత చెల్లెలు రోహిణి. "మా అక్కకి నా పక్కన సీటు ఆపాను" అని రోహిణి అప్పటికే హాస్టల్ భోజనాల దగ్గర అందరి ముందూ అనేసింది.

గురువారం సాయంత్రం హైమ మాస్టారింటికి వచ్చింది. వచ్చిందన్న మాటే గానీ నిలవలేదు. అరుగు ఎక్కుతుంది, దిగుతుంది. చెప్పులు విప్పుతుంది, తొడుగుతుంది. నోట్సు తెరిచి, చదవకుండానే పేజీ తిప్పుతుంది.

"కూర్చోమ్మా."

"పర్లేదు సార్," అంది నడుస్తూనే. "ఒక్కటే అనుమానం. ఒక కంప్యూటర్ కబురు పంపింది. అవతలినుంచి 'అందింది' అని జవాబు వచ్చేసింది. ఇంక పంపినవాడు నిశ్చింతగా ఉండొచ్చు కదా? ఉండకూడదని మీరు క్లాసులో అన్నారు. ఎందుకుండకూడదు సార్?"

మాస్టారు తీగలు పక్కన పెట్టారు. "కథ చెబుతాను. ఊఁ కొట్టు."

"సార్, టైము లేదు..."

"అనగనగా కొండమీద ఒక పనసతోట రైతు."

"ఊఁ."

"పట్నంలో షావుకారికి వంద కాయలు పంపాలి. ఒక్కో కాయ మీదా సున్నంతో అంకె వేసి, ఒక్కో మనిషి నెత్తిన ఒక్కోటి పెట్టి పంపాడు."

"ఊఁ."

"నలభై దాకా ముట్టాయి, నలభై ఒకటోది పంపించు అని షావుకారు కబురు పెట్టాడు."

"ఊఁ."

"నీ వైవా సోమవారం కాదు, శనివారం తొమ్మిదింటికి."

"ఊఁ."

"రైతు సంతోషించి నలభై ఒకటోది పంపించాడు."

"ఊఁ. తర్వాత సార్?"

"తర్వాతేం లేదు. షావుకారికి ఎన్ని ముట్టాయి?"

"నలభై సార్."

"నీ వైవా ఎప్పుడు?"

"సోమవారం సార్."

"ఊఁలన్నీ వచ్చాయమ్మా," అన్నారు మాస్టారు. "ఒక్కటీ తగ్గలేదు." తర్వాత శనివారం సంగతి మళ్లీ చెప్పారు.

హైమ ఆ సాయంత్రం మొదటిసారి కూర్చుంది. అరుగు మీద కాదు, మెట్టు మీద.

"నిజంగానా సార్? అది కథలోది కాదా?"

"కథలోది కాదు. నిన్న ఆయనే ఫోన్ చేశాడు."

నాలుగు రోజులనుకున్నది రెండు రోజులైంది. శుక్రవారం హైమ భోజనం చేసిందో లేదో హాస్టల్ వంటామెకే తెలియదు. వంటామెకు తెలియని సంగతంటూ ఉండటం మా ఊరికి కొత్త. కథంతా విన్న మా వీధి మాత్రం శనివారం కోసం హైమ కన్నా కంగారుగా ఎదురుచూసింది. పరీక్ష ఆమెకైనా ఆత్రం అందరిదీ.

శనివారం కాలేజీకి సెలవు. ఏడున్నరకే హైమ ల్యాబ్ గుమ్మంలో ఉంది. మాస్టారు సింహాచలాన్ని రప్పించి తాళం తీయించారు. తొమ్మిదైంది. పదైంది. హైమ ల్యాబ్ నుంచి గేటుదాకా వెళ్లడం, రోడ్డుకేసి చూడటం, తిరిగి రావడం. పదకొండు నుంచి మాస్టారు కూడా ఆమె వెనకే నడవసాగారు. ఎన్నిసార్లు తిరిగారో సింహాచలం లెక్కపెట్టాడట. నలభై ఒకటి అన్నాడు గానీ, పనసకాయల కథ వాడూ విన్నాడు కనక ఆ అంకెను నమ్మనక్కర్లేదు.

ఒంటిగంటకు మాస్టారు ఫోన్ చేశారు. పరీక్షకుడిది పెద్ద గొంతు. పక్కనున్న ఇద్దరికీ స్పష్టంగా వినపడింది.

"అదేమిటండీ! శనివారం వద్దామనుకున్నాను, కుదరడం లేదు, సోమవారమే ఉంచేద్దాం అని బుధవారం చెప్పానే. మీరు ఊఁ అన్నారు. ఒకసారి కాదు, మూడుసార్లు అన్నారు."

మాస్టారు అలవాటుకొద్దీ ఊఁ అనబోయి ఆగారు. "మీరు చెప్పింది తిరిగి చెబుతాను, వినండి. సోమవారం. పదింటికి. అంతేనా?" అని అడిగి, అవునన్నాకే ఫోన్ పెట్టేశారు.

సింహాచలం తాళంకప్పను తిప్పి తిప్పి చూశాడు.

"సార్," అంది హైమ మెల్లగా. "అయితే నేను చెప్పిన సోమవారం కరెక్టే కదా."

"కరెక్టే. కానీ నువ్వు విని చెప్పింది కాదు."

"మీరు విని చెప్పిందీ కాదు కదా సార్."

ఇరవయ్యేళ్ల సర్వీసులో మాస్టారిని ఇంత మాటన్నవాళ్లు లేరని సింహాచలం అంటాడు. కామాక్షమ్మగారిని వాడు లెక్కలో వేసుకోలేదు.

సోమవారం పరీక్షకుడు వచ్చాడు. కుర్చీ లాక్కున్నాడు. కళ్లద్దాలు సర్దుకున్నాడు. "అందింది అని జవాబు వస్తే పంపినవాడికి ఏం తెలుస్తుంది?" అని అడిగాడు.

"అవతల చెవి ఉందని తెలుస్తుంది సార్," అంది హైమ.

పరీక్షకుడు మాస్టారికేసి చూశాడు. మాస్టారు ఫ్యానుకేసి చూశారు. ఫ్యాను తిరగడం లేదు. ఆ తర్వాత అడిగిన పదింటిలో ఆమె తొమ్మిది చెప్పింది.

హైమ పాసైంది. ఆపిన సీట్లో రోహిణి తన సంచీ పెట్టుకుంది. సెలవురోజు ల్యాబ్ తెరిపించి, లేని పరీక్షకు విద్యార్థినిని పిలిచినందుకు మాస్టారికి ప్రిన్సిపాల్ మెమో ఇచ్చారు.

ఆ సాయంత్రం హైమ ఒక పనసకాయ మోసుకొచ్చి అరుగు మీద దించింది. దానిమీద సున్నంతో నలభై ఒకటి అని రాసి ఉంది. మాస్టారు మళ్లీ ఎనిమిది తీగల్నీ వరసపెడుతున్నారు. పక్కనే మెమో కవరు ఉంది, అంటించింది అంటించినట్టే.

"నా వల్లే కదా సార్. దానికేం రాసిచ్చారు?"

"ముట్టిందని రాసి సంతకం పెట్టాను," అన్నారు మాస్టారు తలెత్తకుండా. "చదివానని రాయలేదు."