రెండు వేళ్ల చోటు

చీమ మళ్లీ లాగింది. వజ్రమ్మ మళ్లీ బోర్లా పడింది. ఈసారి సరిగ్గా సర్పంచి ఇంటి ముందే పడింది. జోలెలోని బియ్యం వీధి పాలయ్యాయి.

చీమ అంటే కుక్క. బూడిదరంగు, దూడంత ఒళ్లు. ఆ పేరు పెట్టింది గుట్ట మీది మఠానికి గురువైన ఆదెమ్మ. పొద్దున్నే భిక్షకు ఊళ్లోకి దిగే శిష్యురాలి వెంట మఠం కుక్క నడవడం అక్కడి ఆనవాయితీ. పాత కుక్క పోయింది, చీమ వచ్చింది, వచ్చిన నెలకే ఊరిని హడలగొట్టింది. కోడి కనబడితే చాలు, దూకుడే.

వజ్రమ్మ ఒక్కతే పడి ఉంటే ఎవరూ పట్టించుకునేవారు కాదు. కానీ తాడు కాళ్లకు చుట్టుకుని సర్పంచి మనవరాలు కూడా పడింది. మోకాలు చెక్కుకుపోయింది.

"సోమవారం దాకా చూస్తాను," అన్నాడు సర్పంచి నాగభూషణం, పిల్లను ఎత్తుకుంటూ. "ఆ లోపు కుదురుగా నడిచిందా, సరే. లేదా, బండెక్కించి అడవిలో వదిలేయిస్తాను. గురువమ్మ మీద గౌరవం గౌరవమే, పిల్ల మోకాలు మోకాలే."

"నడిపించి తీరతాను," అంది వజ్రమ్మ, దుమ్మైనా దులుపుకోకుండా.

తీరతానంటే తీరే మనిషే. మఠంలో చేర్చుకోమని మూడు రోజులు వానలో నిలబడ్డ మొండిఘటం. నోరు కట్టుకోవడం, కడుపు కట్టుకోవడం, నిద్ర కట్టుకోవడం. కట్టడమే సాధన అనుకుంది.

ఆ మధ్యాహ్నమే టౌనుకు పోయింది. దుకాణంలో కుక్కల మెడకు కట్టే వెడల్పాటి బెల్టులు, మెత్తనివి, వరసగా వేలాడుతున్నాయి. వాటి వంక చూడనైనా చూడలేదు. వేలంత సన్నటి తోలు బెల్టు అందుకుంది.

"లాగితే మెడ కోసుకుంటుందమ్మా ఇది," అన్నాడు దుకాణదారు.

"కోసుకుంటేనే లాగదు."

లాగిన ప్రతిసారీ బెల్టును ఒక కన్నం బిగించింది. మూడో కన్నానికి చీమ దగ్గింది. నాలుగో కన్నానికి గంజి ముట్టలేదు. లాగడం మాత్రం మానలేదు.

గురువారం సాయంత్రం ఆదెమ్మ ఆకుకూర బాగు చేస్తుంటే వజ్రమ్మ వచ్చి నిలబడింది.

"అమ్మా, కన్నాలు అయిపోయాయి. ఇంకోటి పొడవాలి. మేకు ఎక్కడుంది?"

"ముందు నీ రెండు వేళ్లు ఆ బెల్టు కింద పెట్టు."

వేళ్లు పోలేదు. గోరు కూడా పోలేదు.

ఆదెమ్మ లేచి ఆ బెల్టు విప్పింది. బొచ్చు కింద, మెడ చుట్టూ ఎర్రటి గీత. దాన్ని వజ్రమ్మకు చూపించలేదు, చూడొద్దనీ అనలేదు. లోపలికి పోయి పాత కుక్క బెల్టు తెచ్చింది. వెడల్పాటిది, వాడివాడి గుడ్డలా మెత్తబడ్డ తోలు. గీతకు తగలకుండా కాస్త కిందికి, వదులుగా కట్టింది.

"ఇప్పుడు పెట్టు."

రెండు వేళ్లూ దూరాయి.

"రేపు భిక్షకు ఇలాగే పో. కుడిచేతిలో తాడు, ఎడమచేతి వేళ్లు ఇక్కడ. తియ్యకూడదు."

"ఎంతసేపమ్మా?"

"గుట్ట దిగి మళ్లీ ఎక్కేదాకా."

తెల్లవారి వజ్రమ్మ నడుము వంచి, కుక్క మెడ బెల్టు కింద వేళ్లు పెట్టి ఊళ్లోకి దిగింది. జనం ఊరుకుంటారా?

"ఏం వజ్రమ్మా, సూది పారేసుకున్నావా?" అంది పాలు పోసే సుబ్బులు.

"నీ సిగ్గు ఎక్కడో పడిపోయిందటగా, వెతుకుతున్నాను."

కోళ్ల గూడు దగ్గరి మలుపులో వేళ్లు నలిగాయి. చీమ లాగిందనుకుని కసురుకోబోయింది. చూస్తే చీమకు కోళ్లు ఇంకా కనబడనే లేదు, గోడ పక్కన మట్టి వాసన చూస్తోంది. బిగుసుకున్నది తన కుడిచెయ్యి. తాడు బిగిసింది, బెల్టు బిగిసింది, వేళ్లు నలిగాయి. చీమ దూకింది ఆ తర్వాత.

వజ్రమ్మ తన కుడిచేతి వంక చూసుకుంది.

శనివారం అదే మలుపులో చెయ్యి బిగుసుకోబోయింది. వేళ్లు చురుక్కుమన్నాయి. తాడు వదులు చేసింది. చీమ తలెత్తి, ఏమైందన్నట్టు ఆమె మొహంలోకి చూసింది. అలా చూడటం అదే మొదలు.

ఆదివారానికి నడుము పట్టేసింది. అయినా వంగే నడిచింది.

సోమవారం నాగభూషణం అరుగు మీద మనవరాలిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆ పొద్దు ఆదెమ్మ కూడా కర్ర పట్టుకుని గుట్ట దిగింది. వజ్రమ్మ చీమ పక్కనే వంగి వచ్చింది. చీమ లాగలేదు.

"బాగానే ఉంది," అన్నాడు నాగభూషణం. "కానీ ఇది కుక్కను నడిపించడమా, కుక్క మెడకు వేలాడటమా? రోజూ ఇలాగే తిరుగుతావా? నిటారుగా నిలబడి నడిపించు, ఒప్పుకుంటాను."

ఎదురుగా చెత్తకుప్ప మీద అరడజను కోళ్లు.

వజ్రమ్మ వేళ్లు బెల్టును గట్టిగా పట్టుకున్నాయి. ఆదెమ్మ వైపు చూసింది.

"వేళ్లు తీసెయ్," అంది ఆదెమ్మ. "ఆ చోటు ఉంచు."

వజ్రమ్మ నడుమెత్తి నిలబడింది. చీమ కోళ్లను చూసింది. చెవులు నిక్కాయి. ఆమె కుడిచెయ్యి బిగుసుకోలేదు. తాడు ఇద్దరి మధ్యా వదులుగా వేలాడింది. చీమ తలెత్తి ఆమెను చూసింది.

"పదవే," అంది వజ్రమ్మ.

ఇద్దరూ కోళ్ల పక్కనుంచి నడిచి అవతలి గడపకు పోయారు.

నాగభూషణం మనవరాలిని ఒళ్లోంచి దించి, వీధిలోకి పోనిచ్చాడు.