దొర దోసిట్లో కందిరీగ

అనగనగా ఏడు సముద్రాలకు అవతల ఒక రాజు, ఆయనకు ముగ్గురు కొడుకులు. ఆ రాజు కింద జటాలుడనే దొర ఉండేవాడు. అబ్బో, మామూలు దొర కాదర్రా, మంత్రగాడు! వాడి ముందు మోకరిల్లి, జోడించిన చేతులు వాడి చేతుల్లో పెట్టి "నేను మీ మనిషిని" అన్నారో, అంతే సంగతులు! ఇక ఆ పొలిమేర దాటడానికి కాళ్ళు రావు. వాడి పొలమే దున్నాలి, వాడి తిరగలిలోనే పిండి విసరాలి.

జనాన్ని విడిపిస్తానని పెద్ద రాకుమారుడు వెళ్ళాడు. విందు తిని, మర్యాదకని మోకరిల్లాడు. అన్న కోసం రెండోవాడు వెళ్ళాడు. మోకరిల్లితేనే అన్నను చూపిస్తానంటే సరేనన్నాడు. ఇద్దరికీ నాగలే గతి అయింది.

మూడోవాడు మణికేతుడికి ఇంట్లో కాలు నిలవలేదు. కూర్చుంటే లేస్తాడు, పడుకుంటే లేస్తాడు. "అన్నలు అక్కడ గొడ్డుచాకిరీ చేస్తుంటే నాకు ముద్ద ఎలా దిగుతుందమ్మా?" అని తల్లితో చెప్పి బయల్దేరాడు.

దొర తిరగలి దగ్గర పొన్నారి అనే పిల్ల పిండి విసురుతోంది. "తమరూ మోకరిల్లడానికే వచ్చారా బాబూ?" అంది జాలిగా.

"మరో దారుందా?"

"దొర కూడా ఓ మాట అనాలి బాబూ. 'నిన్ను కొడితే నా అధికారం మట్టిపాలు' అని. మంత్రమంతా ఆ మాటలోనే ఉంది. అందుకే తను చెయ్యెత్తడు, కొట్టడానికి భటులున్నారుగా!"

వాసం మీది కందిరీగ ఆ మాట విని కిందికి దిగింది. "పన్ను కట్టలేదని మా గూళ్ళు తగలబెట్టించాడు వాడు. నన్ను తీసుకుపో" అంది.

మణికేతుడు కందిరీగను దోసిట్లో దాచుకుని వెళ్ళి మోకరిల్లాడు. "నేను మీ మనిషిని" అన్నాడు. జటాలుడు ఆ చేతులు పట్టుకుని తన వంతు మాట పూర్తి చేశాడో లేదో, కందిరీగ చటుక్కున బయటికొచ్చి వాడి బొటనవేలు కుట్టింది.

"అమ్మో! దొంగ వెధవా!" అంటూ దొర మణికేతుడి చెంప ఫెళ్ళుమనిపించాడు.

అంతే! వాడి కిరీటం మట్టిబెడ్డలా పొడిపొడిగా రాలిపోయింది. భటులు కర్రలు పడేసి పారిపోయారు.

జనమంతా పొలిమేరకు పరుగెత్తి, అక్కడ ఆగిపోయారు. పెద్దన్న కూడా ఎత్తిన కాలు వెనక్కి దించాడు. మంత్రం పోలేదేమోనని మణికేతుడు భయపడ్డాడు. అప్పుడు పొన్నారి అందర్నీ తోసుకుని వచ్చి, కళ్ళు మూసుకుని అవతల అడుగు పెట్టింది.

"ఏమీ కాలేదర్రా! రండి!"

జనం నవ్వుతూ, ఏడుస్తూ దాటేశారు.

"నన్ను పెళ్ళి చేసుకుంటావా?" అన్నాడు మణికేతుడు పొన్నారితో.

"అడుగుతున్నారా, ఆజ్ఞాపిస్తున్నారా?"

"అడుగుతున్నాను."

"అయితే సరే."

దొరతనం మాటెత్తితేనే అన్నలిద్దరూ మాకొద్దని దండం పెట్టేశారు. అందుకని పొన్నారీ మణికేతుడూ కలిసి ఆ సీమను చాలాకాలం ఏలారు. వాళ్ళ ఏలుబడిలో జనం ఎవరి పిండి వాళ్ళింట్లోనే విసురుకుని, వేడివేడి రొట్టెలు కడుపునిండా తిన్నారు.