మలుపులో మనిషి

పదకొండు రోజులుగా గ్రూపులో ఒక్క మాట లేదు.

మూడు వందల నలభై మంది సభ్యులు. నర్సీపట్నం, చోడవరం, పాడేరు, అనకాపల్లి. అందరివీ ఒకే రకం బతుకులు, ఒకే రకం బండ్లు. వారమంతా తారురోడ్డు మీద ఉద్యోగానికి, ఆదివారం వస్తే అదే బండి మీద కొండల్లో మట్టిదారికి. ఏ వాగు పొంగింది, ఏ ఘాట్‌లో రాళ్ళు జారాయి, ఏ ఊళ్ళో పంక్చరు వేసేవాడున్నాడు, ఇలాంటివి ఒకరికొకరు చెప్పుకోవడానికి నూకరత్నం మూడేళ్ళ కిందట ఫోన్లో ఆ గ్రూపు పెట్టింది. పేరు 'మట్టిదారి'. పెట్టిన కొత్తలో పొద్దున లేచేసరికి వంద కబుర్లుండేవి. ఇప్పుడు శ్మశానం కూడా దానికంటే సందడిగా ఉంటుంది.

రత్న ఊరుకునే మనిషి కాదు. యూనివర్సిటీలో డిబేట్ అంటే జాబితాలో ఆమె పేరు చూసి అవతలి జట్టుకి గొంతు తడారిపోయేది. ఎవరైనా ఎదురు మాట్లాడితే చాలు, మిగతాది తను చూసుకుంటుంది. నోరే మెదపని మూడు వందల నలభై మందితో ఎలా పోట్లాడాలో మాత్రం ఆమెకి తెలియడం లేదు.

శనివారం మధ్యాహ్నం హెల్మెట్ కూడా తీయకుండా ఖాదర్ ఉస్తాద్ షెడ్డులోకి దూసుకొచ్చింది.

ఉస్తాద్ అరవై దాటిన మెకానిక్. క్లచ్ వైరు మార్చడం దగ్గర్నుంచి ఇసకలో బండి పడిపోకుండా నడపడం దాకా రత్నకి నేర్పింది ఆయనే. ఆ చుట్టుపక్కల కొండదారుల్లో తిరిగే ప్రతివాడూ ఏదో ఒకరోజు ఆయన ముందు ఆ చెక్కపీట మీద కూర్చున్నవాడే.

"గ్రూపు మూసేస్తున్నాను ఉస్తాద్. రేపు సాయంత్రం నోటీసు పెడుతున్నాను. రాసేశాను కూడా, వినండి."

"హెల్మెట్ తియ్ బేటీ. సగం మాటలు అందులోనే ఉండిపోతున్నాయి."

తీసింది. చదివింది. పదమూడు కారణాలు, వరసగా, ఒక్కదానికీ ఎదురు చెప్పడానికి సందు లేకుండా. ఉస్తాద్ అంతసేపూ కార్బురేటర్‌లోంచి ఊడదీసిన చిన్న ఇత్తడి ముక్కని వెలుతురుకి పెట్టి, దాని కన్నంలోంచి ఆకాశాన్ని చూస్తున్నాడు.

"అసలేమైంది?"

"ఏమవుతుంది! అడిగిందే అడగడం. చైనుకి ఏ నూనె వెయ్యాలి? ఏడుగురు అడిగారు ఉస్తాద్, ఏడుగురు! ప్రతివాడికీ నేను చెప్పాలి. అందుకే కదా కూర్చుని ఇరవై రెండు నియమాలు రాసి పైన అతికించాను? తొమ్మిదోది ఏమిటి? అడిగే ముందు పాతవి వెతకండి. అంత స్పష్టంగా రాస్తే, ఎనిమిదో మహానుభావుడు దిగాడు, 'అయ్యా, చైనుకి ఏ నూనె బాగుంటాది' అంటూ."

"నువ్వేమన్నావు?"

"'తొమ్మిదో నియమం చదవండి. చదవడం రాకపోతే లైసెన్సు ఎలా వచ్చిందో చెప్పండి' అన్నాను." ఆ వాక్యం ఇప్పటికీ రత్నకి ముద్దుగానే ఉంది. "డెబ్భై మంది నవ్వారు."

"గెలిచావన్నమాట."

"గెలిచాను."

"తర్వాత?"

రత్న హెల్మెట్‌ని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. "తర్వాత ఎవరూ మాట్లాడలేదు."

ఉస్తాద్ ఇత్తడి ముక్కని పెదవుల దగ్గర పెట్టుకుని ఉఫ్ మని ఊదాడు. గాలి అవతలికి పోయింది.

"రేపు బండి తీసుకురా. కొండెక్కుదాం."

"నేను గ్రూపు గురించి మాట్లాడుతున్నాను ఉస్తాద్!"

"ఏడింటికి," అన్నాడు ఉస్తాద్.

*

ఉస్తాద్‌తో కొండెక్కేవాళ్ళకి ఒక పద్ధతుంది. అన్నిటికంటే ముందు ఉస్తాద్ బండి. దారి చీలిన చోట ఆయన వెనకే వచ్చే బండి ఆగిపోవాలి. ఆగి, వెనక వచ్చే ప్రతివాళ్ళకీ ఎటు వెళ్ళాలో చూపించాలి. చివరి బండి హ్యాండిల్‌కి పచ్చగుడ్డ కట్టి ఉంటుంది. ఆ పచ్చగుడ్డ కళ్ళబడేదాకా మలుపులో మనిషి కదలకూడదు. వానొచ్చినా, ఆకలేసినా.

రత్నకి ఇదేం కొత్త కాదు. గ్రూపులో మూడో నియమంగా రాసింది తనే, లావు అక్షరాలతో.

పొద్దున బయల్దేరినప్పుడు అయిదు బండ్లున్నాయి. ఉస్తాద్, రత్న, జూనియర్ కాలేజీ లెక్చరరు ఒకాయన, రోలుగుంట నుంచి ఇద్దరు అన్నదమ్ములు. ఒక్కరి హ్యాండిల్‌కీ పచ్చగుడ్డ లేదు.

"పచ్చగుడ్డ ఎవరికిచ్చారు?" అని అడిగింది రత్న.

"వెనక ఒకాయన వస్తాడు. పశువుల ఆసుపత్రిలో పని. దారిలో ఎవరిదో గేదెకి సూది వేసి వస్తానన్నాడు."

"అంటే ఆలస్యం."

"అంటే చివర," అన్నాడు ఉస్తాద్, కిక్ కొడుతూ.

తారు అయిపోయి ఎర్రమట్టి మొదలయ్యాక, కాఫీ తోటల మధ్య దారి రెండుగా చీలింది. ఎడమది ఇరుకుగా కొండపైకి పోతోంది. కుడిది వెడల్పుగా గెడ్డలోకి దిగిపోతోంది. కింద వాగునీళ్ళ చప్పుడు వినిపిస్తోంది. ఉస్తాద్ ఎడమకి తిరిగి, వెనక్కి చూడకుండా చెయ్యెత్తి చూపించి వెళ్ళిపోయాడు. రత్న ఆగి స్టాండు వేసింది.

పావుగంటకి లెక్చరరు వచ్చాడు. "ఎటమ్మా?"

"చక్రాల గుర్తులు కనబడట్లేదా మాస్టారూ? కళ్ళజోడు తుడుచుకోండి. ఎడమ."

ఆయన నవ్వలేక నవ్వి వెళ్ళాడు. తర్వాత అన్నదమ్ముల్లో పెద్దవాడు. "అక్కా, ఎటు?" ఆ తర్వాత చిన్నవాడు. "అక్కా, ఎటు?"

"మీ ఇంట్లో ఒకళ్ళకి చెబితే ఇంకొకళ్ళకి అందదా? ఎడమ!"

అంతే. ఆ తర్వాత ఎవరూ రాలేదు.

రత్న గ్లోవ్స్ తీసింది, వేసుకుంది, మళ్ళీ తీసింది. ఫోను పైకెత్తి చూసింది. సిగ్నల్ లేదు. బండి చుట్టూ నాలుగు సార్లు తిరిగింది. ఒక రాయిని తన్నింది, అది గెడ్డలోకి దొర్లుకుంటూ పోయింది, ఆ చప్పుడు కూడా అయిపోయింది. కట్టెలమోపుతో ఒకావిడ దిగుతూ ఆగి, "ఎవరికోసమమ్మా కాసుకున్నావు?" అని అడిగింది.

"తెలీదు."

ఆవిడ పైనుంచి కిందికి ఒకసారి చూసి, మోపు సర్దుకుని నవ్వుకుంటూ పోయింది.

ముప్పావుగంట అయింది. రత్న తనలో తాను వాదన మొదలుపెట్టింది. ఒకటి, గేదెకి సూది వెయ్యడానికి ఇంతసేపు పట్టదు. రెండు, పట్టిందీ అంటే ఆ మనిషి ఇక రాడు. మూడు, వచ్చినా, మట్టిలో నాలుగు బండ్ల చక్రాల గుర్తులున్నాయి, కళ్ళున్నవాడు చూసుకోగలడు. నాలుగు, పైన అందరూ టీ తాగుతూ ఉంటారు, తనొక్కతే ఇక్కడ చెట్టులా నిలబడడంలో అర్థం లేదు. అవతలి జట్టు నుంచి సమాధానం రాలేదు. గెలిచింది.

బండి ఎక్కి ఎడమకి తిప్పింది. మొదటి మలుపులో వదులుగా ఉన్న రాళ్ళ మీద ముందుచక్రం సర్రున జారింది. కాలు ఆనించి నిలదొక్కుకుని, ఎవరూ చూడలేదు కదా అనుకుంటూ పైకి వెళ్ళిపోయింది.

*

పైన అందరూ నిజంగానే టీ తాగుతున్నారు. ఉస్తాద్ గ్లాసు పట్టుకుని రత్న వైపు కాదు, రత్న వెనకవైపు చూశాడు.

"పచ్చగుడ్డ?"

"ముప్పావుగంట చూశాను ఉస్తాద్. రాలేదు. వెనక్కి పోయుంటాడు."

"పోయుంటాడు," అన్నాడు ఉస్తాద్, నట్టు బిగిసిందో లేదో చేత్తో తిప్పి చూసినట్టు ఆ మాటని ఒకసారి తిప్పి. తర్వాత గ్లాసులో సగం టీ అలాగే రాయి మీద పెట్టి, బండి దగ్గరికి నడిచాడు.

"అసలు ఆయన బయల్దేరాడో లేదో కూడా..." అని రత్న వెంటపడింది. ఇంజను చప్పుడులో మిగతా వాదన వినబడలేదు. ఆమె కూడా బండి తిప్పక తప్పలేదు.

చీలిక దగ్గర ఉస్తాద్ ఆగి, కింద చూశాడు. రత్న కూడా చూసింది. ఎడమవైపు అయిదు బండ్ల గుర్తుల మీదుగా ఈలోగా ఓ ఆవుల మంద నడిచిపోయినట్టుంది, అన్నీ గిట్టల గుంటలే. ఆ గుంటల మీదుగా సన్నటి టైరు గీత ఒకటి, కొత్తది, కుడివైపుకి తిరిగి గెడ్డలోకి దిగిపోయింది.

మైలు దూరం దిగేసరికి, నీళ్ళ పక్కన రాయి మీద ఒకాయన కూర్చుని ఉన్నాడు. యాభై ఏళ్ళుంటాయి. పాత బండి. హ్యాండిల్‌కి పచ్చగుడ్డ. తుండుగుడ్డ పరిచి దాని మీద తెగిపోయిన చైను పెట్టుకున్నాడు. తుప్పుతో ఇటుకరంగు తేలి ఉంది.

"వచ్చినారా ఉస్తాదూ!" అని లేచాడు. ప్రాణం లేచివచ్చినట్టుంది ఆయన ముఖం. "మలుపులో మనిషుంటారన్నారు కదా, ఎవురూ నేరు. అయిదు నిమసాలు హారన్ కొట్టి సూసినాను. ఈ దారి ఎడల్పుగా ఉంది కదా, ఇదే గావాల అనుకున్నాను. ఇక్కడికొచ్చేసరికి పుటుక్కుమంది."

రత్న నేల చూసింది.

"అప్పలకొండ గారని, మన పశువుల కాంపౌండరు," అన్నాడు ఉస్తాద్. "వారానికి ఆరు రోజులు కొండ మీదే తిరుగుతాడు." అంతవరకే చెప్పి, తన పెట్టెలోంచి కొత్త చైను లాకూ నూనెడబ్బా తీసి, రెండూ రత్న చేతిలో పెట్టాడు.

రత్న మోకాళ్ళ మీద కూర్చుంది. చైను రెండు కొసలూ పళ్ళచక్రం మీదికి తెచ్చి కలుపుతుంటే అప్పలకొండ పక్కనే గొంతుకూర్చుని చూస్తున్నాడు.

"నూనె లేకే కదమ్మా తెగిపోనాది?"

"అవునండీ."

"ఏ నూనెయ్యాలో తెలీకే ఊరుకున్నాను. ఫోన్లో ఓ గ్రూపుందమ్మా, మట్టిదారని. అందులో అడిగినాను. అక్కడొక పెద్ద సదువుల మనిషున్నారు, రూల్సు సదవమన్నారు. నాదే తప్పులే, ముందు సదవాలి. సదివితే, ఇరవై రెండున్నాయి, ఏ నూనెయ్యాలో అందులో లేదు." మెడ గోక్కున్నాడు. "తరవాత మళ్ళీ రెండుసార్లు టైపు చేసినాను గానీ సెరిపేసినాను. అంతమంది నవ్వితే ఎలాగో ఉంటాది కదమ్మా."

రత్న చేతిలో లాకు బిగుసుకోలేదు. జారి మట్టిలో పడింది. ఉస్తాద్ వైపు చూసింది. ఆయన గెడ్డలో ఏదో చేపని చూస్తున్నాడు.

"ఆ మనిషిని నేనేనండీ," అంది.

అప్పలకొండ ఆమెని చూశాడు, చైనుని చూశాడు, మళ్ళీ ఆమెని చూశాడు.

"అలాగా! ఫొటోలో సింహం బొమ్మ ఉంటే మగోళ్ళ కోపమనుకున్నాను." కాస్త ఆలోచించి, మర్యాదగా కలిపాడు: "మీ గ్రూపు బాగుంటాదమ్మా. ఎవురూ మాటాడరు గానీ."

రత్న మట్టిలోంచి లాకు ఏరి, చొక్కాకి తుడిచి, బిగించింది. డబ్బా మూత తీసింది.

"ఇది గేరు నూనెండీ. తొంభై నంబరు. లోపలివైపు నుంచి వెయ్యాలి, చక్రం తిప్పుతూ."

"ఎన్నాళ్ళకోసారి?"

"అయిదొందల కిలోమీటర్లకి. వానలో తడిస్తే మాత్రం ఇంటికెళ్ళగానే."

"బయటివైపు నుంచి వెయ్యకూడదా?"

"లోపలి నుంచండీ. చక్రం తిరిగేటప్పుడు అదే బయటికి వస్తుంది."

"తొంభయ్యా?"

"తొంభై."

ఉస్తాద్ అప్పలకొండ హ్యాండిల్‌కున్న పచ్చగుడ్డ విప్పి తన బండికి కట్టుకున్నాడు. "మీరు పదండి. నేను చేతులు కడుక్కుని, నమాజు చదువుకుని వస్తాను."

*

చీలిక దగ్గరికి వచ్చాక అప్పలకొండ ఎడమకి తిరిగి, వెనక చప్పుడు లేకపోయేసరికి ఆగాడు. రత్న ఇంజను ఆపి స్టాండు వేస్తోంది.

"ఇంకెవురొస్తారమ్మా? ఉస్తాదే కదా. ఆయనికి తెలీని దారా?"

"పచ్చగుడ్డ ఆయన దగ్గరుందండీ. మీరు పదండి."

ఆయన వెళ్ళాక కొండ మళ్ళీ నిశ్శబ్దమైపోయింది. రత్న గ్లోవ్స్ తీసింది. ఫోను తీసింది. సిగ్నల్ లేదు. నోటీసు తెరిచింది. పదమూడు కారణాలూ అలాగే ఉన్నాయి, ఒక్కదానికీ ఇప్పటికీ ఎదురు చెప్పలేం. పై నుంచి కిందికి చదివి, మొత్తం చెరిపేసింది. గ్రూపు తెరిచి పన్నెండు రోజుల కిందటి ప్రశ్న దగ్గరికి వెళ్ళింది.

'అప్పలకొండ గారూ, గేరు నూనె, తొంభై నంబరు. లోపలివైపు నుంచి' అని మొదలుపెట్టి, ఆయన అడిగిన వరసలోనే అన్నీ రాసింది. కింద ఇంకో వాక్యం రాసింది. 'ఆరోజు నేనన్న మాట తప్పు.' పంపించింది. పోలేదు. మాట పక్కన చిన్న గడియారం గుర్తు పడి, అక్కడే నిలబడిపోయింది, ఎప్పుడో వచ్చే సిగ్నల్ కోసం.

రత్న కూడా నిలబడింది. కాళ్ళు లాగుతున్నాయి. నమాజుకి ఇంతసేపు పడుతుందా అని మనసు ఒకటో పాయింటు అందుకుంది. రెండోది కూడా సిద్ధంగానే ఉంది. గెడ్డ వైపే చూస్తూ నిలబడింది.

చాలాసేపటికి కింద ఇంజను చప్పుడు వినబడింది. చెట్ల మధ్యలోంచి పచ్చగుడ్డ రెపరెపలాడుతూ పైకి వచ్చింది. ఉస్తాద్ ఆమె ముందుకి వచ్చి బండి ఆపి, కాలు కింద పెట్టి, ఎడమ దారినీ కుడి దారినీ మార్చి మార్చి చూశాడు. ముప్పై ఏళ్ళుగా తిరుగుతున్న కొండని ఈరోజే మొదటిసారి చూస్తున్న కొత్తవాడిలా.

"ఎటు బేటీ?"

"ఎడమ ఉస్తాద్," అంది రత్న. "మొదటి మలుపులో రాళ్ళు వదులుగా ఉన్నాయి. చూసుకుని వెళ్ళండి."