తర్వాత చూద్దాం

ఒకానొక చిన్న సంస్థానం, పేరు కొండగుర్తి. దాన్నేలే వీరభూపతి మూడు నెలలు ఇంగ్లీషు చదివాడు. ఇక ఆయన కాలు నేల మీద ఆనలేదు. ఏ మాటకైనా ఆయన చెప్పిందే అర్థం. కాదన్నవాడికి కొలువులో చోటు లేదు.

ఒకరోజు కలెక్టరు దొర తన గుర్రాన్ని పంపి, వెంట ఒక చీటీ పంపాడు. వారం రోజులు ఊళ్ళో ఉండడట. చీటీలో "లుక్ ఆఫ్టర్ మై హార్స్" అని ఉంది.

రాజు మీసం దువ్వాడు. "లుక్ అంటే చూడు. ఆఫ్టర్ అంటే తర్వాత. నా గుర్రాన్ని తర్వాత చూడు అంటున్నాడు. దొర వచ్చేదాకా దాని జోలికి ఎవడూ పోవద్దు. మేత కూడా వెయ్యొద్దు."

గుర్రం రెండు పూటలు సకిలించి, మూడో పూటకి తల వేలాడేసింది. గుర్రాలశాల చూసే చెంగయ్య వంటింటి గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు.

"అక్కా, మేతేస్తే రాజుగారు తన్నిస్తారు. అది చస్తే దొర నన్ను జైల్లో వేయిస్తాడు."

"ఏడవకు. పోయి ఉలవలు ఉడకేసి ఉంచు," అంది వంటమనిషి వజ్రమ్మ.

మధ్యాహ్నం రాజు పీట మీద కూర్చున్నాడు. వజ్రమ్మ ఆకు వేసింది, నీళ్ళు చల్లింది, పోయి గోడకానుకుని నిలబడింది.

"ఏమే, వడ్డించవేం?"

"తర్వాత చూస్తా ప్రభూ."

"నాకు ఆకలేస్తోంది."

"వేస్తుంది మరి. రాణిగారు పుట్టింటికి పోతూ, రాజుగారిని చూసుకో వజ్రమ్మా అని చెప్పి పోయారు. చూసుకోడాన్నే దొరలు లుక్ ఆఫ్టర్ అంటారు. దాని అర్థం తమరే చెప్పారు. రాణిగారు వచ్చాక చూస్తా."

రాజు గుడ్లురిమాడు. "ఇంగ్లీషు నీకేం తెలుసే?"

"చదువు రాదు ప్రభూ. ఒక దొరసాని దగ్గర ఆరేళ్ళు ఆయాగా చేశా. రోజూ పసిదాన్ని నా చంకకెత్తి లుక్ ఆఫ్టర్ అనేది. తర్వాత చూద్దామని నేను కూర్చునుంటే, ఆ పిల్ల ఏ బావిలోనో తేలేది."

రాజు ఖాళీ ఆకు వంక చూసుకున్నాడు. శాల వైపు నుంచి గుర్రం సన్నగా సకిలించింది.

"సరే, వడ్డించు."

"ముందు దానికి."

వజ్రమ్మ కదల్లేదు. రాజే గొంతెత్తాడు. "ఒరేయ్ చెంగయ్యా, దొర గుర్రానికి ఉలవలు ఉడికించి పెట్టరా."

"ఉడికే ఉన్నాయి ప్రభూ," అన్నాడు చెంగయ్య, గోడ అవతలి నుంచే.

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఇద్దరూ కూడబలుక్కునే చేశారన్నమాట. వజ్రమ్మా, నీకు బహుమానం ఇవ్వాలే. తర్వా..."

నాలిక కరుచుకుని, చేతి కడియం అక్కడికక్కడే తీసిచ్చాడు. వజ్రమ్మ దాన్ని కొంగున ముడేసుకుని, అప్పుడు అన్నం వడ్డించింది.