వీరప్ప గిట్టల మన్ను

కాళ్లకు నీళ్లివ్వరే, కాళ్లకు నీళ్లు
బండ దిగి వచ్చాడు మన మంద పెద్ద
ఎర్రగా పారితే... ఎర్రగా పారితే...

అక్కడికి వచ్చేసరికి చారవ్వకు పాట ఆగిపోతుంది. పిల్లప్పుడు వాళ్లమ్మ పాడేది. ఎర్రగా పారితే ఏమవుతుందో, అసలు నీళ్లు ఎర్రగా ఎందుకు పారతాయో ఎంత తన్నుకున్నా గుర్తుకు రాదు.

చారవ్వ అంటే గద్దగుట్ట కింద గొర్రెల దొడ్డిలో అందరికంటే పెద్ద గొర్రె. నల్లటి ముక్కు మీద తెల్లటి చార ఉందని ఆ పేరు పెట్టారు. ఇప్పుడు మొహమంతా ముగ్గుబుట్ట అయిపోయింది. ఆ చార ఎక్కడుందో వెతుక్కోవాలి.

ఆ అడవిలో ఒక పద్ధతి ఉంది. అందరికీ సంబంధించిన సంగతి ఏదొచ్చినా పలుకుబండ దగ్గర తేలాలి. మందకొక పెద్ద అక్కడికి వెళ్లి తన మంద తరపున ఊ అనో, ఊహూ అనో చెప్పి వస్తాడు. గొర్రెలకు నలుగురిలో నిలబడితే నాలుక అంగిట్లో అంటుకుపోతుంది. అందుకని తమతో పాటు మేసే మేకపోతు వీరప్పను పెద్దగా పంపేవి. వీరప్పకు గడ్డముంది, కొమ్ములున్నాయి, బండ అదిరే గొంతుంది. మేకపోతు గాంభీర్యమని ఊరికే అన్నారా! అతను నడిచి వస్తుంటే గొర్రెలు మేత ఆపి మరీ చూసేవి.

ఏటికి అవతల దుప్పుల మంద ఉంది. ఈ అడవికీ ఆ దుప్పులకూ తాతల నాటి స్నేహం. కొన్నేళ్లుగా వాటి మీద రేచుకుక్కలనే అడవికుక్కలు పడుతున్నాయి. సాయం కావాలని దుప్పులు కబురు పెట్టినప్పుడల్లా పలుకుబండ దగ్గర సభ జరిగేది. సభ జరిగినప్పుడల్లా గొర్రెల దొడ్డిలోంచి ఒక కాపలా కుక్క ఏరు దాటేది. దాటినవి మళ్లీ వచ్చింది లేదు.

ఒకప్పుడు దొడ్డికి ప్రతి మూలా కుక్క ఉండేది. ఇప్పుడు మిగిలింది సింగడు ఒక్కడే. ఒక మూలన నిలబడితే మిగతా మూలలు ఖాళీ. పోయిన వానాకాలం పడమటి మూలలోంచి తోడేలు దూరి చారవ్వ కూతుర్ని ఎత్తుకుపోయింది. ఆ కూతురి కూతురు పాలచుక్క ఇప్పుడు తొలిచూలు. నేడో రేపో ఈనేలా ఉంది.

"అవ్వా, ఇవాళ మళ్లీ సభ అంటగా?" అంది పాలచుక్క, పడుకున్న చోటు నుంచి లేవకుండానే.

"అవునమ్మా."

"సింగన్ననూ పంపించేస్తారా?"

"వీరప్ప ఉన్నాడుగా. కాదంటాడు."

"ప్రతిసారీ కాదంటూనే ఉన్నాడు. ప్రతిసారీ ఒకరు పోతూనే ఉన్నారు."

సభ నుంచి వచ్చిన ప్రతిసారీ వీరప్ప దొడ్డి ముందు నిలబడి గొంతు పూడుకుపోయినట్టు చెప్పేవాడు. "గొంతు చించుకున్నాను తల్లుల్లారా! ఊహూ అన్నాను, వెయ్యిసార్లు ఊహూ అన్నాను. నా ఒక్కడి మాట ఎవరు వింటారు? అంతా ఒకటైపోయారు." గొర్రెల కళ్లు చెమర్చేవి. లేత తుమ్మకాయలు తెచ్చి అతని ముందు పోసేవి. పాత అలవాటు చొప్పున మోదుగాకు దొప్పలో కాళ్లకు నీళ్లు తెచ్చేవి. వీరప్ప చటుక్కున వెనక్కి తగ్గేవాడు.

"అయ్యయ్యో, పెద్దవాళ్లు మీరు నా కాళ్లు కడగడమేంటి! వాగు దగ్గరే కడుక్కుని వచ్చానులెండి."

"ఎంత వినయమమ్మా!" అని గొర్రెలు మురిసిపోయేవి. "ఇంత పెద్దవాడై ఉండీ మనతో కాళ్లు కడిగించుకోడు."

చారవ్వా మురిసిపోయింది. అందరికంటే ఎక్కువే మురిసిపోయిందేమో కూడా.

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి వాగు వైపు నుంచి దుమ్ము లేచింది. వీరప్ప వస్తున్నాడు. ఈసారి ఒక్కడే రావడం లేదు. వెనకాలే నక్క దాసప్ప కూడా వస్తున్నాడు. పలుకుబండ దగ్గర పెత్తనమంతా దాసప్పదే.

వీరప్ప వచ్చీ రాగానే తల వంచాడు. "తల్లుల్లారా, గొంతు చించుకున్నాను..."

"అదంతా తర్వాత చెప్పుకుందువులే బావా," అన్నాడు నక్క. "ఎండగా ఉంది. కుక్క ఎక్కడ? పొద్దు గూకేలోపు ఏరు దాటించాలి."

సింగడు లేచి నిలబడ్డాడు. అతనికి వెనక కాలు ఈడుస్తోంది. ముసలివాడు. "పొమ్మంటే పోతాను," అన్నాడు నెమ్మదిగా. "కానీ అవ్వా, ఆ పిల్ల ఈనిందాకా ఉండనిస్తే బాగుండేది."

పాలచుక్క మొహం తిప్పుకుంది.

చారవ్వకు ఒళ్లంతా నీరసం కమ్మింది. ఏడవడానికి కూడా ఓపిక లేనంత అలసట. ఏం చెయ్యాలో తోచక, చేతనైన పనే చేసింది. ఇంటికొచ్చినవాడు శత్రువైనా కాళ్లకు నీళ్లివ్వాలి కదా. దొప్ప నోట కరుచుకుని వెళ్లి నక్క కాళ్ల మీద నీళ్లు వంచింది.

"అబ్బో, మర్యాద తెలిసిన మంద!" అని దాసప్ప దర్జాగా కాలు చాపాడు.

నీళ్లు ఎర్రగా పారాయి.

చారవ్వ అలాగే చూస్తూ ఉండిపోయింది. వాళ్లమ్మ తోక పట్టుకుని పలుకుబండకు వెళ్లిన రోజు, బండకు ఒక పక్క ఎర్రమట్టి మడుగు, ఇంకో పక్క తెల్ల సుద్ద పల్లం, అన్నీ కళ్ల ముందుకు వచ్చాయి. ఊ అనేవాళ్లు ఎర్రమట్టిలో దిగాలి. ఊహూ అనేవాళ్లు సుద్దలో నిలబడాలి. అమ్మ గొంతు కూడా వినిపించింది.

ఎర్రగా పారితే ఊ అన్నాడనరే
తెల్లగా పారితే కాదన్నాడనరే

"ఇదా సంగతి," అనుకుంది చారవ్వ. కాళ్లు కడగడం మర్యాద కోసం కాదు. చూడటం కోసం. పెద్దవాళ్లు చూడటానికి పెట్టిన పద్ధతిని పిల్లలు మొక్కడానికి వాడుకున్నారు.

వీరప్ప కాళ్ల వైపు చూసింది. అద్దంలా ఉన్నాయి. కాదన్నవాడికి అంటేది తెల్ల సుద్ద. దాన్ని దాచుకోవాల్సిన పనేముంది? ఎండలో ఆగి మరీ ఎందుకు కడుక్కున్నట్టు?

కేకలు వేయొచ్చు. కానీ అనుమానంతో అరిస్తే వీరప్ప అంతకంటే పెద్దగా అరుస్తాడు. గొంతు అతనిది. అందుకని చారవ్వ దగ్గరికెళ్లి మెత్తగా అడిగింది.

"నాయనా వీరప్పా, కుంటుతున్నట్టున్నావే?"

"కుంటుతున్నానా?" అన్నాడు వీరప్ప. అంతవరకూ కుంటలేదు. కానీ జాలి పడేవాళ్లుంటే కొంచెం కుంటడంలో తప్పేముంది? "అవును అవ్వా. మీ కోసం తిరిగీ తిరిగీ..."

"ముల్లు గుచ్చుకుందేమో. కాలెత్తు, చూస్తాను. గొర్రెలకు గిట్టల రోగం కొత్తా? అది చూడటంలోనే ముసలిదాన్నయ్యాను."

వీరప్ప ముందు కాలెత్తి హుందాగా ఆమె ముందు పెట్టాడు. చారవ్వ గిట్టల సందులో పెదవి పెట్టి తడిమింది. వాగు నీళ్లు పైపైనే కడుగుతాయి. మేక గిట్టల సందులో ఇరికిన మన్నును ఏ వాగూ కడగలేదు. ఆ మాట గిట్టలున్న ఎవరినడిగినా చెప్తారు. పంటితో మెల్లగా పెకిలించింది.

ఎర్రమట్టి ముద్ద ఒకటి దొడ్డి ముందు నేల మీద పడింది.

పాలచుక్క బరువుగా లేచి వచ్చి ఆ ముద్దను వాసన చూసింది. "ఇంకో కాలెత్తు వీరప్ప మామా," అంది.

వీరప్ప ఎత్తలేదు. "అది... బండ దగ్గర అంతా బురదే కదమ్మా. అటూ ఇటూ నడుస్తుంటే అంటుతుంది. ఇంతమంది ఒకవైపుంటే నేనొక్కడినీ కాదని ఏం లాభం?"

నక్కకు విసుగొచ్చింది. తొందరలో ఉన్నవాడి నోట్లోంచే నిజం జారుతుంది.

"ఈ నాటకం ఎంతసేపు బావా? అవ్వా, మీ కుక్కను మీ పెద్ద ఊ అననిదే మేమెలా అడుగుతాం? ఏ మంద కాపలా ఆ మంద పెద్ద మాట మీదే కదులుతుంది. అది బండ కట్టుబాటు. ఇంతవరకూ పోయిన ప్రతి కుక్కా ఇతను ఎర్రమట్టిలో దిగితేనే పోయింది. చాలా? కుక్కను పంపండి."

అన్నాక గానీ ఏం అన్నాడో అతనికి తెలియలేదు. దొడ్డంతా భగ్గుమంది. "తుమ్మకాయలు మేపాం కదరా నీకు!" "దొంగ గడ్డం!" "మా పిల్లల్ని మింగింది తోడేలనుకున్నాం!" నోరులేని గొర్రెలకు ఆ రోజు ఎక్కడలేని నోరూ వచ్చింది.

చారవ్వ అరవలేదు. ఆమెకు పడమటి మూల గుర్తొచ్చింది. కూతురు పోయిన నాడు మొదట వచ్చి కూర్చున్నవాడు వీరప్పే. రోజంతా మేత ముట్టలేదు. ఆ దుఃఖం అబద్ధం కాదు. అదే ఆమెకు అర్థం కాలేదు.

"ఎందుకు నాయనా?" అని అడిగింది. "దుప్పులు నీకేమైనా పెట్టాయా?"

"లేదు అవ్వా." వీరప్ప గొంతులో బండ అదిరే మోత పోయింది. "సుద్దలో దిగబోతే ఎలుగుబంటి నవ్వింది. అడవిపంది 'పిరికి మేక' అంది. ఇన్ని కొమ్ములు పెట్టుకుని నేను పిరికివాణ్ణా? అందుకని ఎర్రమట్టిలో దిగాను. ఒకసారి దిగాక రెండోసారి తేలికైంది."

"అక్కడ మగతనం, ఇక్కడ మంచితనం. రెండూ కావాలి నీకు."



చారవ్వ నక్క వైపు తిరిగింది. "దాసప్పా, దుప్పుల మీద మాకు కోపం లేదు. వాటికీ పిల్లలున్నాయి. 'అవ్వా, వాళ్లకు కష్టమొచ్చింది, ఒక కుక్కనిద్దామా' అని ఇతను అడిగి ఉంటే మాలో మేము మాట్లాడుకుని ఇచ్చేవాళ్లమేమో. చెప్పి తీసుకుంటే సాయం. చెప్పకుండా తీసుకుంటే దాన్నేమంటారో నీకు తెలియంది కాదు. దొడ్డికి కుక్కలు తగ్గితే నక్కకేం నష్టం!"

"ధర్మపన్నాలు వద్దు అవ్వా," అన్నాడు దాసప్ప పళ్లు బయటపెట్టి. "అన్న మాట అన్నట్టే. పొద్దు గూకేలోపు మీ పెద్ద మళ్లీ వచ్చి, అందరి ముందూ సుద్దలో నిలబడితే తప్ప అది చెరగదు. నిలబడతాడేమో అడగండి!" అని పొట్ట పట్టుకుని నవ్వాడు. వీరప్ప సంగతి అతనికంటే ఎవరికి బాగా తెలుసు?

వీరప్ప పలుకుబండ వైపు చూశాడు.

"నిలబడతావా?" అంది చారవ్వ.

"నవ్వుతారు అవ్వా."

"నవ్వనీ. నా కూతురు పోయినప్పుడు నువ్వు ఏడ్చావు. అప్పుడెవరూ నవ్వలేదు. పద, నేనూ వస్తాను. నేను నడిచేసరికి పొద్దు గూకేలా ఉంది, నా కోసం నెమ్మదిగా నడవకు."

ఇద్దరూ బయల్దేరారు. వెనక నక్క, ఇంకా నవ్వుతూనే. వాగులోని రాళ్ల మీదుగా దాటి, ఎత్తు దారి ఎక్కేసరికి చారవ్వకు ఊపిరి అందలేదు. వీరప్ప ఆగి ఆమె డొక్కకు తన భుజం ఆనించాడు.

బండ దగ్గర ఇంకా అందరూ ఉన్నారు. వీరప్ప మడుగు పక్కగా నడిచి సుద్ద పల్లం అంచున నిలబడ్డాడు. "అటు కాదు పెద్దయ్యా, దారి తప్పావు!" అని అరిచింది ఎలుగుబంటి. "కొమ్ములు అక్కడ పెట్టి దిగు!" అంది అడవిపంది. నవ్వులు కొండకు తగిలి తిరిగొచ్చాయి. వీరప్ప వెనక్కి తిరిగి చారవ్వను చూశాడు. ఆమె ఏ సైగా చేయలేదు. అలసిపోయి, కూర్చుని, ఊరికే చూస్తోంది.

వీరప్ప సుద్దలో దిగాడు. పొద్దు గూకేదాకా అక్కడే నిలబడ్డాడు. నవ్వి నవ్వి నవ్వులే అలసిపోయాయి. నక్క దాసప్ప మాత్రం నవ్వడం ఎప్పుడో మానేశాడు. కట్టుబాటు చెప్పింది తన నోరే. ఇప్పుడు ఎవరిని తిట్టాలో తెలియక తోక ముడుచుకుని పోయాడు.

సింగడు దొడ్డిలోనే ఉండిపోయాడు. తెల్లారేసరికి పాలచుక్క ఈనింది. పిల్ల బాగానే ఉంది. ఏరు దాటిన కుక్కలు రాలేదు, రావు కూడా. పడమటి మూల ఖాళీ అలాగే ఉంది. దుప్పుల సంగతి గొర్రెలు ఈతలయ్యాక కూర్చుని మాట్లాడుకోవాలని అనుకున్నాయి. కూర్చున్నాక అందరూ ఒకేసారి మాట్లాడి ఏమీ తేలలేదు. మళ్లీ కూర్చుంటారు. ఒక్కటి మాత్రం తేలింది: పెద్దగా ఎవరు వెళ్లినా, వచ్చాక నాలుగు కాళ్లూ ఎత్తి చూపించాలి.

వీరప్ప దొడ్డిలోకి రాలేదు. ఎవరూ రావద్దనలేదు, రమ్మనీ అనలేదు. గిట్టలకు ఎండిన సుద్దతోనే గద్దగుట్ట ఎక్కి అవతలికి వెళ్లిపోయాడు. మళ్లీ ఎవరికీ కనబడలేదు. వెళ్లేముందు వాగు దగ్గర నీళ్లు తాగుతున్న చారవ్వ పక్కకు వచ్చి కాసేపు నిలబడ్డాడు.

"ఇన్నేళ్లూ నన్ను నమ్మారు అవ్వా," అన్నాడు. "ఒక్కసారి కాలెత్తమని అడిగి ఉంటే బాగుండేది."